మెత్తని ముక్క

షారోను నర్సింగు పాసైన సాయంత్రం
కావలి ట్రంకురోడ్డు బేకరీలో
నలభై బన్నులడిగితే ముప్పై ఆరే దొరికాయి.
వచ్చేది మాత్రం పేటంతా.

పెద్దకూర కైమా
రెండుసార్లు కొట్టించుకొచ్చాడు ఎలీషా.
మిరియం, అల్లం, ఎర్రగడ్డ
ఇంకాస్తయితే మాడేదాకా వేయించి
బన్నుల కడుపు చీల్చి కూరాం.
పైన చీజు పలక.
కరగనని అది మొండికేస్తే
పెనం మీద అన్నం తపేలా బోర్లించింది అక్క.

ఒక్కోటి సగానికి కోశాం.
ఎక్కడో లెక్క తప్పింది,
పళ్లేలు ఖాళీ.

మూల మంచమ్మీద రాహేలవ్వ,
తునకలారేసి ఇంటిల్లిపాదినీ సాకిన మనిషి,
పళ్లూడి ఏడేళ్లుగా ఉత్త పులుసే.
నమిలిందో మింగిందో,
వేళ్లు నాకుతూ అడిగింది:
"ఇంకోటి ఎత్తిపెట్టుండావా, మే?"

ఎత్తిపెట్టాను, నిజమే.
నాకోసం.