కర్రకి ఛార్జింగ్ పెట్టావా

రాత్రి లైటు ఆపే ముందు
పెంచలమ్మ అడిగే ఆఖరి మాట ఇప్పుడు ఇదీ:
"కర్రకి ఛార్జింగ్ పెట్టావా?"

ఇరవయ్యేళ్ళ కాపురంలో
కర్రకి కరెంటు తాపే రోజొకటి వస్తదని
మేమిద్దరం అనుకోలా.

ఒంగోలు క్యాంపులో ఇచ్చారు.
పిడి దగ్గర సబ్బుబిళ్ళంత డబ్బా,
అందులోంచి ఏదో చప్పుడు బయల్దేరుద్దంట,
మన చెవులకి అందదంట,
ఎదురున్నదానికి తగిలి తిరిగొచ్చి
అరచేతిలో వణుకై చెప్పుద్దంట.
"గబ్బిలం ఇట్టాగే ఎగురుద్ది పెదనాన్నా" అన్నాడు నేర్పే కుర్రాడు.
"గబ్బిలానికి చీమకుర్తి రోడ్డు తెలవదులే నాయనా" అన్నా.

తెలవదు.
రాళ్ళలారీ పోతుంటే ఇక్కడ నేలే వణుకుద్ది,
ఇంక కర్ర వణుకు ఎవరికి ఆనుద్ది?
గేదెకీ గోడకీ ఒకటే గుర్రు.
గోడ ఎటూ తప్పుకోదు,
ఆ మాటకొస్తే సుబ్బరాయుడి గేదే తప్పుకోదు.
కానీ టీకొట్టు రేకు అంచుని,
ఆగిన ట్రాక్టరు వెనక పొడుచుకొచ్చిన చువ్వని
నా నుదురు కంటే ముందు అది పసిగడుతోంది.
నా మొహాన పసుపద్దే పని
పెంచలమ్మకి తగ్గింది.

ఫోను సంగతి వేరు.
అందులో ఉండే ఆవిడకి అలుపు లేదు, తడి లేదు.
మా అక్క మొగుడు పోయిన కబురు
ఆవిడ గొంతులోనే విన్నా:
"నాన్న ఇక లేడు మామా. ఏడుస్తున్న ముఖం.
ఏడుస్తున్న ముఖం. ఏడుస్తున్న ముఖం.
జోడించిన చేతులు.
బ్యాటరీ పదిహేను శాతం."
ఏడవాలో, ఛార్జరు తడుముకోవాలో తెలీక
మంచం పట్టె పట్టుకుని కూర్చుండిపోయా.

అదే ఆవిడ ఇంకోనాడు
ఆంజనేయులు కొట్లో, పదిమంది ముందర,
నా చేతిలో చిల్లర చూసి "యాభై రూపాయలు" అని అరిచింది.
రావాల్సింది వంద.
కొట్టంతా ఒక్క క్షణం సద్దుమణిగింది.
తెలిసి చేశాడని నేననను.
ఇప్పుడు మాత్రం నా చిల్లర
ఆయనే పైకి లెక్కపెడతాడు, బడిపిల్లోడి ఎక్కంలాగా.

క్వారీలో పదకొండేళ్ళు చేశా.
ఆ రోజు మందు
ఒక బీడీ కాలేంత ముందు పేలింది.
అంతే. దాని గురించి ఇంకేం లేదు.

మొన్న ఎండాకాలం, ఒంటిగంట.
పెంచలమ్మ పనిచేసే పాలీషు యూనిట్టుకి
సద్ది తీసుకుపోయా.
మా మేనల్లుడు ఫోన్లో కొత్తది ఒకటి ఎక్కించాడు,
ఎదురుగా పట్టుకుంటే ఏముందో చెప్పుద్ది.
పెరట్లో వరసగా నిలబెట్టిన పలకల ముందు
ఊరికే, ఉత్తపుణ్యానికి, పట్టుకున్నా.

"రాత్రి ఆకాశం" అంది ఆవిడ.
"చాలా నక్షత్రాలు."

చెప్పులు కాలుతున్నై. నడినెత్తిన పొద్దు.
చెయ్యి చాపి తాకితే
గాజులా నున్నగా, పెనంలా మండుతా ఉంది రాయి.

మేం పగలగొట్టిన రాయి బూడిద రంగు.
దుమ్ముకి దానికీ తేడా ఉండదు.
ఆ బంగారు చుక్కలు పాలీషు పడితేగానీ తేలవు,
తేలేసరికి అది ఓడెక్కి పోయుండేది.
కళ్ళున్న పదకొండేళ్ళలో
నేనొక్క పలకా చూడలా.

"ఏందంట?" అంది పెంచలమ్మ,
తడిచేతులు కొంగుకి తుడుచుకుంటా.
"రాత్రంట."
"దానికీ పాపం ఎండ దెబ్బ తగిలినట్టుంది."
"చుక్కలు బాగా ఉన్నాయా ఇందులో?"
ఆమె నవ్వు ఆపింది.
"ఉన్నై" అంది. "దీంట్లో కొంచెం ఎక్కువే ఉన్నై."

ఇద్దరం అక్కడే కాసేపు నిలబడ్డాం.
కర్ర మాత్రం అరచేతిలో వణుకుతానే ఉంది,
ముందర ఆకాశం అడ్డముంది
ఆగమని.