ఇరవైనాలుగు గడులు

"ఇరవైనాలుగు గడులక్కా, అంతే" అన్నాడు అఫ్రోజ్.
"ఒకటి ఖాళీగా వదిలినా పన్ను ఊడినట్టు కనబడతాది."
పదకొండేండ్ల పని నాది.
బీరువాలో చీరల మడతల నడుమ ఏడు హార్డ్ డిస్కులు.
ఒకటి తెరుచుకోదు, దాంట్లో మా చెల్లెలి పెండ్లి ఉండాది.

గిరింపేటలో షట్టరు సగం దించి
రాత్రి పదకొండింటికి ఏరడం మొదలుపెట్టినా.
బియ్యంలో రాళ్ళు ఏరినట్టు కాదిది,
బియ్యంలో బియ్యం ఏరాల.

కాణిపాకం పెండ్లి, పైనుంచి తీసింది, ముగ్గేసినట్టు జనం.
చూసినోళ్ళంతా అబ్బా అంటారు.
ఆ డ్రోను పలమనేరు వెంకటముని అద్దెకు తెచ్చింది,
ఎగరేసి తీసిందీ వాడే. బిల్లు మాత్రం నాది.
పక్కన పెట్టినా.

హార్సిలీ కొండ మంచు, ఒక జంట, ఎర్ర గొడుగు.
వాళ్ళిప్పుడు మాట్లాడుకోవడంలా.
కోర్టు కాగితాలకు పాస్‌పోర్టు సైజు
చెరొక రోజు వచ్చి తీయించుకోని పోయినారు.
గొడుగు బాగుండాది.
పక్కన పెట్టినా.

పెద్దమనిషైన పిల్లల ఫోటోలు ఒక్కటీ తీసుకోలా.
పూలజడ కోసం వాళ్ళమ్మ మదనపల్లె దాకా పోయుంటాది,
అయినా తొమ్మిదో తరగతి పిల్ల
ఊరూపేరూ తెలీనోళ్ళు చూసే చోట ఎందుకు కూచోవాల?

నిజానికి షాపు బాడుగ కట్టేది ఇవేవీ కావు.
ఎనిమిది కాపీలు, నీలం బ్యాక్‌గ్రౌండు, గడ్డం కొంచెం పైకి.
పోయినోళ్ళను రేషన్ కార్డులోంచి పెద్దది చేసి
చొక్కా మార్చి, బొట్టు దిద్ది
దండకు జాగా వదిలేది.
వాటికి గడి లేదు.

రెండు కావస్తా ఉండంగా దొరికింది మునిరత్నమ్మ.
బెంగుళూరా కాయల కాలం అది.
గుజ్జు ఫ్యాక్టరీ గుర్తింపు కార్డుకని వచ్చి
చేతులు కొంగు కింద దాచుకునింది, సొన మచ్చలని.
"మొగమే కదమ్మా పడేది, చేతులు పడవులే" అంటే
"అట్లయితే చేతులకు కూలెవురిస్తారు?" అని నవ్వింది.
ఆ నవ్వుకు నా వేలు దానంతటదే నొక్కింది.
ఫ్లాష్ కూడా వెలగలా, కిటికీ వెలుతురే.
పదకొండేండ్లలో నేను తీసిన ఫోటో ఇదొకటే అనిపించింది,
ఆ పొద్దుకాడ ఏదైనా అనిపిస్తాది.

"పెండ్లోళ్ళు దీన్ని చూసి వస్తారా అక్కా?" అఫ్రోజ్ అడిగినాడు.
ఏమో. ముందు ఆమెను అడగాల.

మురకంబట్టు పోయి ఫోన్లో చూపించినా.
కండ్లు చిట్లించి చూసి, నోటికి చెయ్యడ్డం పెట్టుకునింది.
"పండ్ల సందులు కనిపిస్తా ఉండాయి మే!
పనికి పోయే మొగం ఇది.
పెట్టేటట్టయితే మంచిది తియ్యి."

ఆదివారం వచ్చింది. చిలకపచ్చ పట్టుచీర,
కలరా ఉండల వాసన ఇంకా పోలా.
కోడలి గొలుసు అడిగి వేసుకోనుండాది.
గడకర్రలాగా నిలబడి, పెదాలు బిగించి,
కెమెరాను బ్యాంకు మేనేజర్ని చూసినట్టు చూసింది.
నవ్వమంటే "ఆపొద్దు నవ్వింది చాల్లే" అనింది.
స్క్రీను మీద చూపిస్తే చానాసేపు చూసింది.
"ఇది పెట్టు. ఇది నేను."

ఇరవైనాలుగో గడిలో ఇప్పుడామె ఉండాది.
"లైటింగ్ చప్పగా ఉండాదక్కా, ఫోజు పాతది" అన్నాడు అఫ్రోజ్.
నిజమే.
నవ్విన ఫోటో డిస్కులో ఉండాది, అప్పుడప్పుడు తెరుస్తా.
నిన్న యాదమరి నుంచి ఎవరో ఫోన్ చేసి
పెండ్లికి రేటడిగి, మళ్ళా చేస్తామన్నారు. చెయ్యలా.

ఆ పచ్చచీర ఫోటో సర్దేటప్పుడు
మొగాన చెమట తుడిచినా, గొలుసుకు మెరుపు పెంచినా.
కొంగు అంచున బయటపడిన
నాలుగు గోళ్ళ నలుపు కాడికొచ్చి
మౌసు మీదనుంచి చెయ్యి తీసేసినా.