తొక్కకుండా వెళ్లండి

మీటర్ రీడింగుకని నల్లకుంటలో ఒకింటికి వెళ్తే
వంటింటి అలమారలో, ఆవకాయ జాడీ కింద
దొరికాడు నాకు అప్పుల అవతారం.
వారపత్రికలో అచ్చయిన బొమ్మ కాదు,
చేత్తో గీసిన అసలు అట్ట.
తల చుట్టూ జాడీ అడుగు వదిలిన నూనె వలయం,
పటంలో దేవుడికిలా.

"ఎవరో అద్దెకున్నాయన వదిలేసి పోయాడు,
అరల్లోకి పనికొస్తాయని ఉంచాం" అందావిడ.
మూడొందల నలభై యూనిట్లు రాసుకుని
మర్నాడు రెండు కొత్త కేలండర్లు తెచ్చి పరిచి
అట్ట చంకన పెట్టుకుని వచ్చేశాను.

ఇప్పటికి పద్నాలుగేళ్లు.
ఆదివారాలు ఆబిడ్స్ ఫుట్‌పాత్,
మిగతా రోజుల్లో డ్యూటీ దిగాక
కాచిగూడ చిత్తుకాగితాల కొట్లు,
తాళాలు పడ్డ ప్రెస్సుల వెనక గుమ్మాలు.
విశ్వేశం గారు వారానికొకటి చొప్పున
పద్దెనిమిదేళ్లు గీశారు.
నా దగ్గరున్నవి నలభై ఒకటి.

"అచ్చయినవి బైండు చేయించుకున్నావుగా, మళ్లీ ఇవెందుకు?"
అంటాడు మా ఏఈ.
అచ్చులో నవ్వొక్కటే ఉంటుంది సార్.
ఇక్కడ, నీలం పెన్సిలుతో ముందు అనుకున్న ముక్కు ఉంది,
తెల్లరంగు కింద మునిగిపోయిన మీసం ఉంది,
మాట మార్చి అంటించిన కాగితం ముక్క, దాని పసుపు జిగురు,
మార్జిన్లో ఎడిటరు ఎర్రసిరా:
"మంగళవారం లోగా. మూడు కాలాలు. నవ్వు చాల్లేదు."
ఒకదాని వెనక పెన్సిలుతో పద్దు కూడా ఉంది:
పాలు ఇరవై రెండు, సిరా బుడ్డి నాలుగు, వాచీ అరవై.

ఛత్తా బజార్లో వహీదుద్దీన్ సాబ్ దగ్గర ఒకటుందని తెలిసింది.
జింకు బ్లాకులు చేసేవాడాయన, ఆ పత్రిక బ్లాకులన్నీ ఆయనవే.
ఆసిడ్ తిన్న వేళ్లతో సంచీ విప్పి
అట్ట బల్ల మీద పెట్టాడు.
"పైసలొద్దు భాయ్. తెలుగు మాట్లాడొస్తది, చదువరాదు.
నలభై ఏండ్లాయె, జనం ఎందుకు నవ్విన్రో నాకెరుక లేదు.
అది చెప్పు, తీస్కపో."

చదివాను.
గుమ్మంలో అప్పులవాడు: "ఎప్పుడు తీరుస్తావయ్యా?"
అవతారం: "పొద్దున్నే తీర్చిందండీ మా ఆవిడ.
వాకిట్లోనే ఉంది, తొక్కకుండా వెళ్లండి."

ఆయన నవ్వలేదు.
ముగ్గు వేయడాన్ని మావైపు తీర్చడం అంటారని చెప్పాను,
బాకీ తీర్చడం వేరని చెప్పాను,
రెండూ ఒకటే మాట అని చెప్పాను.
చెబుతున్నకొద్దీ ఆ ముగ్గుని నేనే తొక్కుతున్నాను.
చాయ్ మీద మీగడ కట్టింది.

"అచ్ఛా" అన్నాడు చివరికి. "మంచిగుంది.
గానీ చెయ్యి చూసినవా?"
ఏ చెయ్యి?
"అంతకు ముందు వారం వాచీ ఉండె. ఈ వారం లేదు.
చూడు, పట్టీ ఉన్న జాగల రెండు గీతలు, వెంట్రుకల లెక్క.
ఆసిడ్ల కొట్టుకపోతయేమోనని
నిలబడి కాపాడిన ఆ రెండిటినీ.
మళ్ల ఆ వాచీ ఎన్నడు రాలే."
అప్పుడు నవ్వాడు, భుజాలు కదిలేలా,
పళ్లు లేని నోరు అరచేత్తో మూసుకుని.

సన్నటి ముళ్లు చూసి అంకెలు రాయడమే నా ఉద్యోగం.
పద్నాలుగేళ్లు ఆ మనిషి మాటలు చదివాను.

రాత్రి అట్టలన్నీ హాల్లో నేల మీద పరిచాను
తేదీల వరసన,
ఎడమ మణికట్టు మాత్రమే చూసుకుంటూ.
వాచీ. వాచీ. వాచీ. రెండు గీతలు.
పద్దున్న అట్టని తిప్పి ఒకసారి చూసి
మళ్లీ బోర్లించాను.

కంచం పట్టుకుని గుమ్మంలో ఆగింది మా సులోచన:
"నడవడానికి చోటేదీ?"
"తొక్కకుండా రా" అన్నాను.
చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి, మునివేళ్ల మీద
అట్టల మధ్యనుంచి నడిచొస్తూ
మూడో వరసలో ఠక్కున ఆగిపోయింది.
"ఇదేమిటండీ,
ఈయన చెప్పులు రెండూ ఎడమకాలివే!"