పాత చీటీ చింపకూడదు

సోయిజిక్ నాకు నేర్పిన మొదటి నియమం అదే.
కొత్త పేరు తేలితే కొత్త చీటీ రాసి పక్కన అంటించు,
పాతదాన్ని ముట్టుకోకు.
తప్పు రాసినవాడి చేతిరాత కూడా సాక్ష్యమే.

బ్రిటనీ తీరాన ఈ చలికాలమంతా
కిటికీ అద్దానికి ఉప్పు పేరుకుంటుంటే
నాది ఒకటే పని:
మూడు బీరువాల ఎంటెరోమార్ఫాలను
ఉల్వాలుగా మార్చడం.

మొట్టమొదట పేరు పెట్టిన పెద్దమనిషి
అన్నిటినీ ఒకే ఇంటిపేరు కింద రాసుకున్నాడు.
తర్వాత వచ్చినవాళ్లు వేరు కాపురం పెట్టించారు.
పేగులా బోలుగా ఉంటే అటు,
తడి పట్టుగుడ్డలా పరుచుకుంటే ఇటు.
నిజమే, చూసిన కంటికి అలాగే తోస్తుంది.
తీరా కణం లోపలి రాత చదివితే
గొట్టమూ ఆకూ ఒక గడప దాటి వచ్చినవే.
కొన్నిటికైతే నీళ్లలో ఉప్పు తగ్గితే చాలు,
ఆకు కావలసింది గొట్టమై లేస్తుంది.

రెండంటే రెండు కణాల మందం.
వెనక వేలు పెడితే
వేలిముద్ర గీతలు ఆకుపచ్చగా కనిపిస్తాయి.
ఇది తల్లి తరమో పిల్ల తరమో
పైకి చూసి సోయిజిక్ కూడా చెప్పలేదు.
అంచు తెల్లబడి, కణాలు పగిలి,
లోపలివి ఈదుకుంటూ బయటపడ్డాక
తోకలు లెక్కపెట్టాలి.
నాలుగైతే ఒంటరిగానే మొలుస్తాయి.
రెండైతే జోడు కోసం వెలుగు వైపు పరిగెడతాయి.
జోడు కుదిరిన మరుక్షణం
వెలుగుకు వీపు తిప్పి
చీకట్లోకి, రాయిని వెతుక్కుంటూ దిగిపోతాయి.

ఒకసారి బాక్టీరియా లేని నీళ్లలో పెంచాం.
ఆకు కాలేదు. గొట్టమూ కాలేదు.
గాజు అడుగున బుడిపెల ముద్ద.
ఒంటిమీద పాకేవాళ్లు గుర్తుచేయకపోతే
తన రూపం తనకే తెలియదు.

మా తమ్ముడు టాంగీకి పన్నెండు వందల పందులు.
వాన పడితే వాటి ఎరువు వాగులోకి,
వాగు మా అఖాతంలోకి.
జులై వచ్చేసరికి ఇసుక కనపడదు.
ట్రాక్టర్లు గీకి ఎత్తిపోస్తే
తెల్లారి మళ్లీ అంతే పచ్చన.
పైన అట్టు కట్టి, అడుగున కుళ్లి,
మురిగిన గుడ్ల కంపు.
పోయినేడు లోయిక్ వాళ్ల కుక్క
ఆ అట్టు మీద కాలు పెట్టి మళ్లీ లేవలేదు.
ఆ రాత్రి భోజనం దగ్గర
"నీ నాచు" అన్నాడు వాడు.
"నీ పందులు" అన్నాను నేను.
సూప్ చల్లారిపోయింది.
అప్పట్నుంచి మాటల్లేవు.

నిన్న మధ్యాహ్నం
నేను టీ తాగడానికి వెళ్లినప్పుడు వచ్చాడట.
వెన్న డబ్బాలో సముద్రపు నీళ్లు, గుప్పెడు నాచు.
మూత మీద వడ్రంగి పెన్సిలుతో
రోజు, వేళ, ఏ రాయి పక్కనో, అన్నీ రాశాడు.
చిన్నప్పుడు నేను గుల్లలు ఏరితే
పక్కన నిలబడి లెక్క రాసినట్టే.
అడుగున ఒకే ప్రశ్న:
ఇది వాటిలో ఏది?

తెలియదు. వారం పడుతుంది.
ఈలోగా చీటీలో మొదటి గడి ఖాళీగా వదిలి
సేకరించినవారు అన్న చోట
టి. కెర్వెల్లా అని రాశాను.
పెళ్లయ్యాక ఇరవయ్యేళ్లుగా
నా చేతి నుంచి రాని ఇంటిపేరు,
రెండు ఎల్‌ల దగ్గర సిరా చిక్కబడింది.

పళ్లెంలో నీళ్లు పోసి, నాచును తేల్చి,
కింద నుంచి కాగితాన్ని మెల్లగా ఎత్తాను.
కుంచెతో ఒక మడత విప్పాను, ఇంకో మడత వదిలేశాను.
దీనికి జిగురు పూయనక్కర్లేదు.
ఆరేకొద్దీ
అదే కాగితాన్ని పట్టుకుంటుంది.