స్టీరింగుండది

పోత్కపల్లి దాటినంక మలుపుల
పట్టాల మీద పదకొండు గొర్లు, వాటెనుక ఒక ఎర్ర రుమాలు.
నా చెయ్యి బ్రేకు మీదికి పోయింది.
నేను పంపిన్నా, అదే పోయిందా?
గిదే పదే పదే అడుగుతున్ననని
సుబేదారిల మేడం దగ్గరికి తోలిన్రు నన్ను.

సాబేరా మేడం మెల్లగ మాట్లాడుతది.
గోడ మీద మెదడు బొమ్మ, దోసకాయ కోసినట్టు సగానికి.
"వేలు లేపాలని నువ్వు అనుకునే ముందే
లోపల తయారీ మొదలైతదట స్వామీ.
కొందరు పెద్దలు అట్లంటరు, కొందరు ఒప్పుకోరు.
నువ్వు ఆలస్యం చెయ్యలే,
నీ దాకా కబురొచ్చుడే అర సెకను ఆలస్యం."

మంచిమాటే.
ఆ రాత్రి కడుపునిండ తిన్న.
తెల్లారి పండ్లు తోముకుంటుంటే గుచ్చుకున్నది:
ఆరు గొర్లు పోయినయ్, కాపరి బతికిండు.
ఆరింటి పాపం నాది కాకుంటే
ఆ మనిషి బతుకుడు సుత నాది కాదన్నట్టే గదా.
అప్పు మాఫీ చేస్తనని వచ్చినోడు
అంగీ జేబు సుత దులుపుకపోయినట్టు.

సోమిడిల మా నాయిన, కనకయ్య.
గుడుంబ వాసన కంటె ముందు
ఆయన చెప్పుల చప్పుడొచ్చేది ఇంట్లకి.
"నా చేతులేముందిరా, నొసటి రాత" అనుకుంటనే కొట్టేటోడు.
తెల్లారి మా అవ్వ
వీపుకు ఉప్పు కాపడం పెట్టుకుంట అదే మాటన్నది.
కొట్టినోనికీ, దెబ్బలు తిన్నదానికీ
ఒక్కటే రాత సరిపోయింది.
ఆ మాట మీద నాకప్పటి సంది పగ.

మేడంకు గిది చెప్పిన.
ఆమె రాసుకున్నది: తండ్రి, తాగుడు, చిన్నతనం.
మూడు మాటలల్ల నేనైపోయిన.
కాజీపేట యార్డుల సుద్దముక్కతోని
ఏ వ్యాగను ఎటు పోవాల్నో రాసినట్టు.

ఒకపాలి షెడ్డుల నా బిడ్డ మనస్వినిని ఇంజనెక్కించిన.
అంత దేవులాడి అడిగింది:
"డాడీ, దీనికి స్టీరింగేది?"
స్టీరింగుండది బిడ్డా.
"మరి ఎట్ల తిప్పుతవ్?"
తిప్ప. పట్టాలు ఎటుంటే అటే.
"మరి నువ్వు నడిపేదేంది?"
అసిస్టెంటు సమ్మిరెడ్డి పడి పడి నవ్విండు.
నాకు రాలే నవ్వు.

నిన్నటి ముచ్చట.
డ్యూటీ పుస్తకం మీద పిల్ల చాయ ఒలకబోసింది.
నా చెయ్యి లేచింది.
సరిగ్గ మా నాయిన లేపినంత ఎత్తుకు,
మోచెయ్యి అట్లనే వంకర.
పిల్ల కండ్లు మూసుకున్నది. ఆ మూసుకునుడు నాకెరుకే.
ఆ చెయ్యిని నేను లేపలే, ఒట్టు.
అది సోమిడి నుంచి బయలెల్లింది,
గుడుంబ బట్టీల నుంచి, మా తాతను వంగబెట్టిన
ఏ దొర గడి ముంగట నుంచో,
యాభై ఎనిమిది వ్యాగన్ల బరువు ఎనుకేసుకోని.

నడిమిట్ల ఆగింది.

ఆపినోడెవడు?
ఆగుడు సుత ఎవడో అర సెకను ముందే రాసి పెట్టిండా?
కావొచ్చు. మా అవ్వ ఓపిక కావొచ్చు,
పద్దెనిమిదేండ్ల సంది ఎర్ర దీపం చూసిన అలవాటు కావొచ్చు.
మేడంను అడగబుద్ధి కాలే.
గాలిల ఉన్న చెయ్యిని ఏం చెయ్యాల్నో తెల్వక
బల్బు కాడ పురుగును కొట్టినట్టు చేసిన.
పిల్ల ఒక కన్ను తెరిచి చూసింది.
నమ్మలే.

ఇయ్యాల రాత్రి రెండు ఇరవై. రామగుండం పోయే ఖాళీ రేకు.
జమ్మికుంట దీపాలు ఎనుకబడ్డయ్.
పట్టాల మీద ఎవ్వరు లేరు, పొగమంచు తప్ప.
చెయ్యి బ్రేకు మీద పెట్టుకోని కూసున్న,
పోత్కపల్లి మలుపు ఇంకా రానే లేదు.
సమ్మిరెడ్డి నా దిక్కు చూసి ఏం అనలే.
ఓదెల దాకా తియ్య.