తీసిన రేకు

జిగణి దాటినాక, గ్రానైటు పాలిష్ షాపుల వెనక
మూడు వైపులా నీలం రేకులు కట్టిన స్థలంలో
నేను విల్లు పట్టడం నేర్పుతాను.
శని, ఆదివారాలు. పది బాణాలు మూడొందలు.
ఆ చివర్న నిలబడి ఉంటుంది రబ్బరు ఎలుగుబంటి
పక్కటెముకల మీద సున్నాలు గీయించుకుని,
గుండె ఉండాల్సిన చోట
పది అంకె వేయించుకుని.

మా జేజినాయన మారెప్ప
రాయదుర్గం నుంచి కంటి ఆపరేషన్‌కి వచ్చాడు.
ఎడమ కన్ను ఎలుగొడ్డుకిచ్చినా,
కుడి కన్ను డాక్టరుకిచ్చినా, అంటాడు.
నల్లద్దాల కింద నుంచి దవడ దాకా
నాలుగు చాళ్లు.
చిన్నప్పుడు నేను వాటిలో వేలు పెట్టి దున్నేదాన్ని.

పట్టీ విప్పిన మూడో రోజు, ఇంట్లో కూచోలేక
నా స్కూటీ వెనకెక్కాడు.
ఫారెస్టోళ్లు ఆయన విల్లు పట్టుకుపోయి ముప్పై ఏళ్లు.
నాది తిప్పి తిప్పి చూసి
"ఇదేందే, బాయి గిలక మాదిరి ఉంది" అన్నాడు.
తర్వాత రబ్బరు జంతువు చుట్టూ నడిచాడు.
వాసన చూశాడు. చెవి వెనక తట్టాడు.
పిడికెడు మన్ను తీసి వదిలితే
అది పాలిష్ షాపుల వైపు పోయింది.

శనివారం బ్యాచి చుట్టూ మూగింది.
నిజంగా వేటాడావా తాతా?
మీద పడితే ఎట్లా తప్పించుకోవాలి?

"గాలి మొగానికి కొట్టేటట్టు పోవల్ల, అది వేట.
దగ్గుతా, కట్టె తాటిస్తా పోవల్ల, అది బతుకు.
రెండూ ఒగే దినం కుదరవు నాయనా.
పుట్ట తవ్వుతాంటే దానికి చెవులుండవు,
అప్పుడు దగ్గరికి పోవాకు.
చెట్టెక్కితే అదీ ఎక్కుతాది.
వీపు మీద పిల్లలుంటే
నీ విల్లూ నీ వీపుకే ఉండల్ల.
లేచి నిలబన్నిందంటే కొట్టేదానికి కాదు,
నువ్వెవరో చూసేదానికి.
పాపం, దానికీ చూపు తక్కవ, నా మాదిరి."

ఇద్దరు ఫోన్లలో రాసుకున్నారు.

అప్పుడడిగాడు నన్ను: "ఇది యాడికి పోతాది?"
రబ్బరు కదా జేజినాయనా, ఎక్కడికీ పోదు.
"రబ్బరని నాకూ తెలుసు.
బాణం తగిలినాక యాడికి పోతాదీ అంటున్నా.
మూడు పక్కలా రేకులు.
నాలుగో పక్క మీరు."

రాయి కోసే మిషను ఎందుకో ఆ క్షణానే ఆగింది.

"గవికి రెండు మూతులుండె.
రెండోదానికి కంప కొట్టింది నేనే.
తిమ్మప్ప వద్దనె."

తిమ్మప్ప ఎవరని పిల్లలడగలేదు.
నేనూ ఎన్నడూ అడగలేదు.
ఆయన తమ్ముడని మాత్రం తెలుసు,
మా ఇంట్లో మళ్లీ ఎవరికీ ఆ పేరు పెట్టలేదని తెలుసు.

స్పానరు తెచ్చి వెనక రేకు ఒకటి విప్పాను.
నాలుగు బోల్టులు, ఒకటి తుప్పు పట్టి సతాయించింది.
అవతల వయ్యారిభామ పొదలు, మురుగు కాలవ,
నాలుగు నీలగిరి చెట్లు, వాటి వెనక
పొగ మాదిరి బన్నేరుఘట్ట గుట్ట.
జేజినాయన ఆ సందులో నిలబడి, పక్కకు జరిగి,
దారి చూపిస్తున్నట్టు చెయ్యి చాచాడు. రబ్బరుకి.
"ఇప్పుడు వేసుకోండి."

ఆ పూట ఎవరికీ పది రాలేదు.
అందరి చూపూ సందులోకే పోయింది.

సోమవారం ఓనరు నంజుండప్ప ఫోన్ చేశాడు,
రేకు ఎవరు తీశారు, జీతంలో కోస్తానని.
కోసుకోండి సార్ అన్నాను.
ఇప్పుడా సందులోంచి వీధికుక్కలొస్తాయి,
ఒకటి ఎలుగుబంటి నీడలో పడుకుంటుంది.
జేజినాయన ఊరికి పోయాడు, రోజుకి నాలుగుసార్లు
కంట్లో చుక్కలు, వేస్తున్నారో లేదో.

సాయంత్రం బాణాలు పీకడానికి పోయేటప్పుడు
ఎవరూ చూడట్లేదని చూసుకుని
ఒక్కసారి దగ్గుతాను.