నునుపు

పుంతా అరేనాస్‌లో గాలి ముదిరిన రోజుల్లో
వీధి మూలల వెంట తాళ్లు కడతారు,
మనుషులు పట్టుకుని నడవడానికి.
మూడో అంతస్తులో మిలెంకా బారియెంతోస్
పట్టుకోవడానికి తాడు లేని చోట
గాలి బరువెంతో లెక్క కడుతోంది.

తెర మీద భూగోళం, దక్షిణపు సగం.
నూట డెబ్బై మూడు చుక్కలు.
తీరాల పొడుగునా చీమల బారు;
సముద్రం మీద
పిండి చాలక మధ్యలో వదిలేసిన ముగ్గు.
చుక్కకీ చుక్కకీ నడుమ ఏముందో
సాఫ్ట్‌వేర్ చెప్పాలి.

మొదటి వారం అది భూమి బల్లపరుపనుకుంది.
నూట ఎనభయ్యో రేఖాంశం దగ్గర
పటం పాత దుప్పటిలా నిలువునా చిరిగింది.
పక్కపక్కన పోతున్న రెండు ఓడలు
లోకానికి ఆ చివరొకటి, ఈ చివరొకటి.
ధ్రువం దగ్గర ఒక్క బిందువు
మూడు వందల అరవై ముక్కలై కూర్చుంది.
కాఫీ చల్లారిపోతుంటే ఆమె
దూరాలన్నీ వంపు మీదుగా కొలవమని మళ్లీ రాసింది.
చిరుగు పూడింది.
ఆ రాత్రి బస్సులో ఒక్కతే నవ్వుకుంది.

సూత్రం మరీ కష్టమైందేం కాదు:
దగ్గరివాళ్ల మాట ఎక్కువ వినాలి,
దూరపువాళ్ల మాట తక్కువ.
ఎవరూ లేని చోట అందరి సగటూ చెప్పి
పక్కనే "నాకు తెలీదు" అని రాయాలి.
ఆ తెలీనితనానికీ ఒక పటం వస్తుంది.
తెలిసిన చోట నీలం,
తెలీని కొద్దీ తెలుపు.

దూరపు కొండలు నునుపని మనమంటాం.
మిలెంకాకి ఆ సామెత తెలీదు,
ఆమె సాఫ్ట్‌వేర్‌కి తెలుసు.
చుక్కలు లేని చోట అది సముద్రాన్ని
ఇస్త్రీ చేసి పెడుతుంది.

ఇక పరీక్ష.
ఒక చుక్కని దాచేసి
అక్కడెంతుంటుందని మిగతావాటిని అడగడం,
చెప్పిందాన్ని దాచినదానితో పోల్చడం.
అన్నీ కాస్తో కూస్తో తప్పాయి.
తప్పాలి కూడా, నిజానికి కొంచెం గరుకుంటుంది.
ఒక్క దీవి తప్పలేదు.
ఒక లైట్‌హౌస్, ఎవారిస్తో కార్కామో అనే కాపలాదారు,
జూన్ తొమ్మిది నుంచి పన్నెండు దాకా
మూడు గంటలకోసారి ముప్పై రెండు కొలతలు,
ఒక్కటీ గీత దాటలేదు.

రేడియోలో పిలిచింది.
"మోకాలు బూరెలా వాచిందమ్మా," అన్నాడు.
"బారోమీటర్ పైన గదిలో, నూట పద్నాలుగు మెట్లు.
తూర్పు దీవివాడూ పడమటి దీవివాడూ
రేడియోలో చెప్పేది విని మధ్యలో ఒకటి రాశాను.
బాగానే కుదిరాయి కదా?"
"మరీ బాగా," అంది మిలెంకా.

కోపం రాలేదు.
తనకి జీతమిచ్చేది ఆ పనికే మరి.
ఆయన రాయనిదల్లా
పక్కన ఉండాల్సిన ఆ రెండు ముక్కలు.
ముప్పై రెండింటినీ కొట్టేసింది.
దీవి చుట్టూ నీలం వెలిసిపోయి
తెలుపు
అంటార్కిటికా దాకా పాకింది.
ఆ నాలుగు రోజులూ అక్కడ గాలి ఏం చేసిందో
ఇక ఎవరూ చెప్పలేరు.

జూలైలో ఒక వేకువన అదే దీవి నుంచి
అంచనాకి పదకొండు తక్కువ అంకె.
సాఫ్ట్‌వేర్ ఎర్రగా ఉలిక్కిపడింది.
రేడియోలో మాటకన్నా ముందు ఆయాసం:
"ఎక్కాను. నమ్మకం చాలక మళ్లీ ఎక్కాను.
అద్దం మీద వేలితో కొట్టి చూశాను. అంతే ఉంది."

పటంలో ఆ చోట సముద్రం గుంట పడింది.
మిలెంకా దాన్ని సర్దలేదు.
మున్సిపాలిటీకి ఫోన్ చేసింది,
సాయంత్రంలోగా మూలలకి తాళ్లు కట్టమని.
గాలి ఎంతుంటుందని అడిగారు.
"సరిగ్గా తెలీదు," అంది. "కట్టండి."